షుగరు తగ్గుద్దా అని అడిగేవాళ్లకి ఏం చెప్పాలి?

ప్రశ్న

విజయనగరం నుంచి ఒక పాఠకురాలు నాలుగు పేజీల ఉత్తరం రాశారు. పేరు, పేట బయటపెట్టవద్దన్నారు కాబట్టి సారాంశం మాత్రం ఇస్తున్నాం.

ఆమె వయసు 38. ఐదేళ్లు ఒక ఫిజియోథెరపీ క్లినిక్‌లో సహాయకురాలిగా చేసి, తర్వాత విశాఖపట్నంలో మూడు నెలలు రిఫ్లెక్సాలజీ, అంటే పాదాల్లో కొన్ని చోట్ల నొక్కే పద్ధతి, నేర్చుకున్నారు. ఏడాదిన్నరగా ఇంటి ముందుగదిలో సొంతంగా చేస్తున్నారు. మనిషికి 150 రూపాయలు. రోజుకు ఆరుగురు వస్తారు. వారిలో ఇద్దరు చుట్టాలో ఇరుగుపొరుగో అయ్యుంటారు, "మనలో మనకి డబ్బులేటమ్మా" అని లేచి వెళ్లిపోతారు. వచ్చినవాళ్లందరూ అడిగేది ఒకటే: "ఏటమ్మా, ఇలా నొక్కితే షుగరు తగ్గుద్దా?" తగ్గదంటే మళ్లీ రారని భయం, తగ్గుతుందనడానికి మనసొప్పదు. "చూద్దామండి" అని దాటేస్తున్నారు. పిన్ని వరసయ్యే ఒకావిడ, కాళ్లు తేలికపడ్డాయి కదా అని, మూడు వారాల నుంచి బీపీ మాత్రలు వేసుకోవడం మానేశారని మొన్ననే తెలిసిందట. అప్పటి నుంచి నిద్ర పట్టడం లేదంటున్నారు.

మరిది ఫ్లెక్సీ కొట్టిస్తానని పట్టుబడుతున్నాడు. దాని మీద "షుగరు, బీపీ, పక్షవాతానికి మందులు లేని వైద్యం" అని వేసి, ఆమె పేరు ముందు "డాక్టర్" అని పెట్టాలట. 45,000 కడితే ఆ బిరుదుతో సర్టిఫికెట్ ఇస్తామని ఒక సంస్థ ఫోన్ల మీద ఫోన్లు చేస్తోంది. కుడి బొటనవేలి మొదట్లో నొప్పి పుట్టి, పొద్దున్నే నీళ్ల చెంబు ఎత్తడం కష్టమవుతోంది. రాత్రి తొమ్మిది దాటాక "ఇంటికొచ్చి చేస్తారా" అని మగవాళ్ల ఫోన్లు. "పరాయోళ్ల కాళ్లట్టుకునే పనేటి" అని అత్తగారి సణుగుడు. భర్త జీతం నెలనెలా సరిగా అందదు కాబట్టి ఈ డబ్బు ఇంటికి అవసరం. కోట దగ్గర ఒక గది అద్దెకు ఉందట, విశాఖలో ఒక స్పా వాళ్లు ఉద్యోగమిస్తామన్నారట. ఏం చెయ్యమంటారు అని అడిగారు.

సమాధానం

అమ్మా, మీరు ఎన్నో అడిగారు, కానీ అన్నిటికన్నా ముందు మీ పిన్ని గారి మాత్రల సంగతి. ఈ ఉత్తరం చదివిన రోజే ఆవిడ దగ్గరికి వెళ్లండి. ఫోన్‌లో వద్దు. "నేను చేసేదానికీ మీ బీపీకీ సంబంధం లేదు, ముందే గట్టిగా చెప్పాల్సింది" అని చెప్పి, దగ్గర్లోని అర్బన్ హెల్త్ సెంటర్‌కి మీరే తోడుండి తీసుకెళ్లండి. మూడు వారాలు ఆపిన మాత్రలను సొంతంగా మళ్లీ మొదలుపెట్టించవద్దు. బీపీ ఎంతుందో చూసి, ఏ మోతాదుతో మొదలుపెట్టాలో డాక్టరు చెప్పాలి. కొన్ని రకాల బీపీ మాత్రలు ఒక్కసారిగా ఆపితే బీపీ మునుపటికన్నా పైకి ఎగబాకుతుంది. ఈలోగా మూతి వంకర పోవడం, ఒక చెయ్యి పడిపోవడం, మాట తడబడడం, ఛాతీ నొప్పి వంటివి ఏవి కనిపించినా 108కి ఫోన్ చెయ్యడమే.

ఆవిడ మాత్రలు మానెయ్యమని మీరు చెప్పలేదు, నిజమే. కానీ "చూద్దామండి" అనే మాటను వినేవాళ్లు "తగ్గుతుంది" అనే అర్థం చేసుకుంటారు. రోగంతో విసిగిన మనిషి ఆశపడడంలో తప్పు లేదు. ఆ ఆశకు మన మౌనం ఊతమివ్వకూడదు, అంతే. మీరు అడిగిన మిగతావి కూడా చాలామటుకు ఈ ఒక్క మాట తేల్చుకుంటే తేలిపోతాయి.

రిఫ్లెక్సాలజీ ఏం చేస్తుంది, ఏం చెయ్యదు అన్నది మీకు మీరు స్పష్టంగా చెప్పుకోవాలి. 1910ల్లో అమెరికాలో విలియం ఫిట్జెరాల్డ్ అనే చెవి ముక్కు గొంతు వైద్యుడు ఒంటిని పది నిలువు పట్టీలుగా ఊహించాడు. 1930ల్లో యూనిస్ ఇంగమ్ అనే ఆవిడ ఆ ఊహను పాదాల మీదికి తెచ్చి, ఇక్కడ కాలేయం, ఇక్కడ మూత్రపిండం అని పటం గీసింది. మీ గదిలో గోడకున్న చార్టు ఆ సంతతిదే. అరికాలిలో ఒకచోట నొక్కితే లోపలి అవయవం బాగుపడుతుందని నమ్మదగ్గ పరిశోధన ఏదీ తేల్చలేదు. అవయవాల చోట్ల విషయంలో చార్టుకీ చార్టుకీ కూడా పొంతన ఉండదు. మరి వచ్చినవాళ్లకి హాయి అనిపించడం అబద్ధమా? కాదు. ముప్పావు గంట సేపు ఒక మనిషి శ్రద్ధగా పాదాలు పట్టుకుని నెమ్మదిగా నొక్కితే బిగుసుకున్న కండరాలు సడలుతాయి, మనసు కుదుటపడుతుంది, కొందరికి ఆ రాత్రి నిద్ర బాగా పడుతుంది. రోజంతా నిలబడే బట్టల షాపు అమ్మాయికీ, టీచరమ్మకీ అది చిన్న సాయమేమీ కాదు. మీరు అమ్మాల్సింది అదే.

కాబట్టి ఈసారి ఎవరు అడిగినా ఇలా చెప్పి చూడండి: "షుగరు దీంతో తగ్గదండి. మాత్రలు వేసుకుంటూనే ఉండాలి. కాళ్ల అలసట తీరుతుంది, ఒళ్లు తేలికపడుతుంది, నేను డబ్బు తీసుకునేది దానికే." కొందరు రారు. వచ్చేవాళ్లు మాత్రం దేనికి వస్తున్నారో తెలిసి వస్తారు, తగ్గలేదని మీ మీద నింద వెయ్యరు.

షుగరు ఉన్నవాళ్ల పాదాలు మీ చేతికి రాకూడదని కాదు, చూడకుండా ముట్టుకోకూడదు. క్లినిక్‌లో పనిచేశారు కాబట్టి ఇది మీకు త్వరగానే పట్టుబడుతుంది. కూర్చోబెట్టాక మంచి వెలుతురులో అరికాలు, మడమ, వేళ్ల సందులు చూడండి. తర్వాత కళ్లు మూసుకోమని, రెండు పాదాల్లోనూ బొటనవేలు, మధ్యవేలు, చిటికెనవేలు కొసల మీద మీ చూపుడువేలిని ఒకటి రెండు సెకన్లు తేలిగ్గా ఆనించండి. నొక్కకూడదు, రుద్దకూడదు. ఆరు చోట్లలో రెండు లేక అంతకన్నా ఎక్కువ చోట్ల తెలియలేదంటే స్పర్శ తగ్గిందనే లెక్క. అలాంటి పాదాన్ని గట్టిగా నొక్కితే నొప్పి తెలియదు కాబట్టి మనిషి వద్దని చెప్పరు. లోపల చర్మం కమిలి, బొబ్బలేచి, పుండవుతుంది. షుగరు ఉన్నవాళ్లకి ఆ పుండు వేలు తీసేసేదాకా పోవచ్చు. అరికాళ్ల మంటలనీ తిమ్మిర్లనీ మీ దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామందికి అసలు కారణం షుగరు వల్ల నరాలకి తగిలిన ఈ దెబ్బే. వాళ్లని ముందు డాక్టరుకి చూపించుకోమనండి. వాళ్ల కాళ్లు వేడినీళ్లలో పెట్టించవద్దు. మిగతావాళ్లకైనా నీళ్లు గోరువెచ్చగా ఉన్నాయో లేదో మీ మోచేతితో చూసుకోండి, అయిదు నిమిషాలు మించవద్దు, వేళ్ల సందులు పొడిగా తుడవండి. ఆనెకాయలు, గోళ్లు బ్లేడుతో కొయ్యమని అడుగుతారు. ఎవరికీ కొయ్యవద్దు.

వాపుల విషయంలో మన విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల్లో ఇంకా జాగ్రత్త కావాలి. చీలమండ పైన, ఎముక మీద బొటనవేలితో పది సెకన్లు నొక్కి పట్టుకుని వదలండి. గుంట పడి అలాగే ఉంటే ఒంట్లో నీరు చేరినట్టు. రెండు కాళ్లకీ అలా ఉంటే గుండె, మూత్రపిండం, కాలేయంలో ఏదో ఒకటి చూపించుకోవాల్సి ఉంటుంది. ఆ మనిషిది కవిటి, కంచిలి, సోంపేట, ఇచ్ఛాపురం, మందస, పలాస, వజ్రపుకొత్తూరు వైపైతే మొదట అడగాల్సింది "క్రియాటినిన్ పరీక్ష ఎప్పుడు చేయించుకున్నారు?" అని. అది మూత్రపిండాల పనితీరు తెలిపే రక్తపరీక్ష. ఆ ఊళ్లున్న ఉద్దానంలో కిడ్నీ జబ్బు చాలామందిలో చడీచప్పుడు లేకుండా ముదురుతుంది, కాళ్ల వాపు కనపడేసరికే ఆలస్యమై ఉండొచ్చు. "నీరు లాగేస్తాను" అని మీరు నాలుగు వారాలు నొక్కితే పోయేవి ఆ మనిషికి విలువైన నాలుగు వారాలు.

ఒక్క కాలే వాచి, పిక్క వేడిగా నొప్పిగా ఉంటే, అందులోనూ ఈమధ్యే ఆపరేషనో కాన్పో దూర ప్రయాణమో అయ్యుంటే, ఆ కాలిని అసలు ముట్టుకోవద్దు. రక్తనాళంలో గడ్డ ఉండొచ్చు, అది కదిలి ఊపిరితిత్తులకి చేరితే ప్రాణానికే ముప్పు. వెంటనే ఆసుపత్రికి పంపండి. బోదకాలు ఉన్నవాళ్లకి జ్వరం, ఎర్రదనం, గజ్జల్లో బిళ్లలు ఉన్న రోజుల్లో చెయ్యి వెయ్యకూడదు. మామూలు రోజుల్లో కూడా వాళ్లకి కావాల్సింది నొక్కడం కాదు, రోజూ సబ్బుతో కడిగి, మడతల్లో తడి లేకుండా తుడుచుకుని, కాలు ఎత్తు మీద పెట్టుకోవడం. ఎక్కడైనా స్పర్శ లేని పాలిపోయిన మచ్చ కనిపిస్తే ప్రభుత్వాసుపత్రిలో చూపించుకోమనండి, కుష్టుకి మందులు ఉచితం, త్వరగా పడితే నయమవుతుంది. వానాకాలంలో వేళ్ల సందుల్లో చర్మం తెల్లగా నాని చిట్లితే అది ఫంగస్, ఒకరి నుంచి ఇంకొకరికి అంటుతుంది. తగ్గాక రమ్మనండి. తొలి మూడు నెలల గర్భిణులు, రక్తం పలచబడే మాత్రలు వాడేవాళ్లు డాక్టరుని అడిగి వస్తేనే చెయ్యండి. మనిషికో తువ్వాలు, మనిషి మనిషికీ టబ్బు కడగడం మీకు తెలిసినవే.

వీటికి మూడు నాలుగు వందల పేజీల లాంగ్ నోట్‌బుక్ ఒకటి పెట్టండి. పేరు, వయసు, జబ్బులు, వాడే మందులు, పాదంలో చూసినవి, ఆ రోజు చేసినది రాయండి. మొదటి పేజీలో "ఇది వైద్యం కాదు, నా మందులు నేను మానను" అనే వాక్యం పెట్టి, దాని కింద మొదటిసారి వచ్చినప్పుడే వాళ్ల సంతకం తీసుకోండి. ఇది మీకు రక్షణ. దానికన్నా ముఖ్యంగా, సంతకం పెట్టే ఆ అర నిమిషంలో విషయం వాళ్ల తలకెక్కుతుంది.

మీ మరిది మంచికే చెబుతున్నాడు, కానీ ఆ ఫ్లెక్సీ కట్టనివ్వకండి. కేంద్ర ఆరోగ్య శాఖ నియమించిన కమిటీ పరిశీలించిన పద్ధతుల్లో రిఫ్లెక్సాలజీ కూడా ఉంది, దానికి గుర్తింపు సిఫారసు కాలేదు. 2003 నవంబరు 25 నాటి ఉత్తర్వుల్లో కేంద్రం రాష్ట్రాలకి రెండు సంగతులు చెప్పింది: గుర్తింపు లేని పద్ధతుల్లో డిగ్రీలు, డిప్లొమాలు ఇవ్వనివ్వకూడదు, "డాక్టర్" అనే మాట గుర్తింపు ఉన్న వైద్య విధానాల వాళ్లే వాడాలి. అంటే ఆ 45,000 కట్టి తెచ్చుకునే కాగితం మీకు హక్కునివ్వదు, చిక్కు తెస్తుంది. ఇక జబ్బుల పేర్లతో మందులకీ మహిమలకీ ప్రచారం చేసుకోవడాన్ని అడ్డుకోవడానికి 1954లోనే చట్టం వచ్చింది. దాని జాబితాలో మధుమేహం, రక్తపోటు, పక్షవాతం మూడూ ఉన్నాయి. మీ మరిది వెయ్యాలనుకున్నవి సరిగ్గా ఆ మూడే. మందులు ఇవ్వడం లేదు కదా అని వాదించుకోవచ్చు గానీ, ఆ వాదన పోలీస్ స్టేషన్‌లో చేసే పరిస్థితి ఎందుకు? బోర్డు కావాలంటే "పాదాలకు విశ్రాంతి మర్దన, రిఫ్లెక్సాలజీ. మహిళలకు. ముందుగా ఫోన్ చేసి రండి" అని చాలు.

డబ్బు దగ్గరికి వద్దాం. మీ లెక్క మీకే చూపిస్తాను. నెలకు 25 రోజులు, రోజుకు ఆరుగురు, మొత్తం 150 సార్లు. డబ్బిచ్చేది 100 మంది, 15,000 వస్తుంది. పౌడరు, క్రీము, తువ్వాళ్లు ఉతకడం, నీళ్లు కలిపి మనిషికి 30 అనుకుంటే 4,500. కరెంటు, ఫోను వగైరా 1,500. చేతికి మిగిలేది 9,000. ఇప్పుడు రుసుము 250 చేసి, ఉచితం మానేశారనుకోండి. డబ్బిచ్చేవాళ్లలో సగం మంది మానేసి 50 మందే వచ్చినా 12,500 వస్తుంది, ఖర్చులు 3,000 పోతే 9,500 మిగులుతుంది. 150 సార్లు నొక్కి తెచ్చుకున్నదానికన్నా 50 సార్లకే 500 ఎక్కువ. రోజుకు ముగ్గురు చొప్పున 75 మంది వస్తే 15,000 మిగులుతుంది. మీ బొటనవేలికి పని సగమవుతుంది.

చుట్టాలకి డబ్బు అడగడం మన వైపు ఎంత కష్టమో తెలియనిది కాదు. మొహం మీద అడగలేకపోతే రెండు దారులున్నాయి. ఒకటి, గోడ మీద రేటు, ఫోన్‌పే క్యూఆర్ అంటించి, కొత్త రేటు ఫలానా తేదీ నుంచని అందరికీ ఒకేలా చెప్పడం. దీంతో కొన్నాళ్లు మొహాలు ముడుచుకుంటాయి, తర్వాత అలవాటవుతుంది. రెండు, నెలలో ఒక పూట చుట్టాలకని కేటాయించి, ఆ పూట ఇద్దరికి మించకుండా ఉచితంగా చెయ్యడం. బంధుత్వం నిలుస్తుంది, కానీ ఆ హద్దు మీరు ఒక్కసారి దాటినా మళ్లీ మొదటికే వస్తుంది. అత్తగారు ఉన్న ఇంట్లో రెండోదే నడుస్తుందేమో, మీకే బాగా తెలుస్తుంది.

బొటనవేలి నొప్పిని చిన్నదిగా చూడకండి, మీ పనిముట్టు అదే. బొటనవేలిని గుప్పిటలో మూసి, మణికట్టుని చిటికెనవేలి వైపు నెమ్మదిగా వంచండి. మణికట్టు పక్కన బొటనవేలి వైపు నొప్పి చురుక్కుమంటే అక్కడి స్నాయువుల తొడుగు వాచి ఉండొచ్చు. బొటనవేలి మొదటి కీలులోనే నొప్పి ఉంటే కీలు అరుగుదల కావచ్చు. రెండిట్లో ఏదైనా ఎముకల డాక్టరుకి చూపించి, కనీసం రెండు మూడు వారాలు ఆ చేతికి విశ్రాంతినివ్వాలి. బొటనవేలిని కదలనివ్వని పట్టీ ఇవ్వొచ్చు. ఆ రోజుల్లో పూర్తిగా మూసెయ్యలేకపోతే అరచేతితో, పిడికిలి వెనకవైపుతో చేసే తేలికపాటి మర్దన మాత్రం చేసి, ఆ సంగతి చెప్పి రేటు తగ్గించండి.

నొప్పి మళ్లీ రాకుండా ఉండాలంటే చేసే తీరు మారాలి. బొటనవేలు పాదం మీద పాకేటప్పుడు గోరు దగ్గరి కీలు మాత్రమే వంగి లేవాలి, ఆ వేలు వెనక్కి విరిగినట్టు వంగకూడదు. బలం బొటనవేలి నుంచి కాదు, పాదం అవతలి వైపు ఆనిన నాలుగు వేళ్ల ఎదురు పట్టు నుంచీ, మీరు ముందుకు వాలే ఒంటి బరువు నుంచీ రావాలి. మణికట్టు నిటారుగా ఉండాలి. చాలామంది నేల మీద పీట వేసుకుని కూర్చుని, పాదం ఒళ్లో పెట్టుకుని చేస్తారు. దాంతో మెడ వంగి, భుజాలు ముడుచుకుని, భారమంతా వేళ్ల మీదే పడుతుంది. వచ్చినవాళ్ల పాదం మీ బొడ్డుకీ రొమ్ముకీ మధ్య ఎత్తులో ఉండాలి. నూనె ఎక్కువైతే వేలు జారుతుంది, ఆపడానికి ఇంకా గట్టిగా నొక్కుతారు. కాబట్టి మొదట పౌడరుతో చేసి, నూనె చివరి అయిదు నిమిషాలకి ఉంచుకోండి. పాదానికి 20 నిమిషాలు చాలు. మనిషికీ మనిషికీ మధ్య 20 నిమిషాలు విడుపు, రోజుకు నలుగురికి మించకూడదు.

రాత్రి ఫోన్ల బెడద పోవాలంటే పనికి విడిగా ఒక సిమ్ తీసుకుని సాయంత్రం ఆరు తర్వాత ఆపెయ్యండి. మగవాళ్లకి చెయ్యాలా వద్దా అన్నది మీ ఇష్టం. మానేస్తే రాబడి కొంత తగ్గుతుంది, ఇంట్లో మాట కూడా తగ్గుతుంది. చెయ్యదలిస్తే తెలిసినవాళ్లు చెప్పి పంపినవాళ్లకే, పగటిపూట, తలుపు తీసి, ఇంట్లో ఒకరు ఉన్నప్పుడు. మగవాళ్ల ఇళ్లకి ఒంటరిగా వెళ్లడం మాత్రం వద్దు. అత్తగారి మాటకి ఎదురు మాట అక్కర్లేదు. ఒక సాయంత్రం ఆవిడ పాదాలే చేతిలోకి తీసుకుని, పద్ధతిగా, నోట్‌బుక్‌తో సహా, మొదటి నుంచి చివరి దాకా చేసి చూపించండి. ఆ వయసులో పాదాలు పరీక్షగా చూడాల్సిన అవసరం ఎలాగూ ఉంటుంది.

ఇక ఎక్కడ చెయ్యాలన్నది. కోట దగ్గర గదికి అద్దె, కరెంటు, మిగతావి కలిపి 8,000 అవుతుందనుకుందాం. 300 తీసుకుని, మనిషికి 30 ఖర్చు పోతే 270 మిగులుతుంది. అద్దె గట్టెక్కడానికే నెలకు 30 మంది, 15,000 ఇంటికి తేవాలంటే 86 మంది కావాలి. సెలవులు పోను రోజుకు ముగ్గురు, నలుగురు తప్పనిసరి. ఇంట్లో 250 చొప్పున రోజుకు ముగ్గురు నాలుగు నెలలు వరసగా నిలిచాక ఆ గది సంగతి ఆలోచించవచ్చు. ఇప్పుడే తీసుకుంటే అద్దె రోజు దగ్గరపడ్డప్పుడల్లా ముట్టుకోకూడని పాదాన్ని కూడా ముట్టుకోవాలనిపిస్తుంది, భయమల్లా అదే. గది తీసుకుంటే కార్పొరేషన్ ట్రేడ్ లైసెన్సు, కార్మిక శాఖలో దుకాణం రిజిస్ట్రేషన్ మీకు అవసరమో కాదో ముందే కనుక్కోండి. చిన్న వ్యాపారాలకి కేంద్రం పెట్టిన ఉద్యమ్ నమోదు ఆధార్‌తో ఉచితం, దానికి డబ్బడిగే దళారులని నమ్మకండి. ఏడాది రాబడి 20 లక్షలు దాటేదాకా జీఎస్‌టీ జోలి లేదు.

మీరు రాయనిది ఇంకో దారి ఉంది. ఆడవాళ్ల బ్యూటీ పార్లర్‌లో వారానికి మూడు పూటలు కూర్చుని రాబడిలో వాటా ఇచ్చుకోవడం. అద్దె భయం లేదు, రాత్రి ఫోన్ల గొడవ లేదు. కాకపోతే పార్లర్ వాళ్లు మీ పేరు మీద ఏం రాస్తారో ముందే మాట్లాడుకోవాలి, జబ్బుల పేర్లు రాస్తే మానేస్తానని చెప్పండి. విశాఖ స్పాలో జీతం నికరంగా ఉంటుంది, ఇంటి లెక్కలు కుదుటపడతాయి. కానీ రోజూ 60 కిలోమీటర్లు పోను, మళ్లీ 60 రాను, అక్కడ రోజుకు ఎనిమిది మందిని చెయ్యమంటే ఈ బొటనవేలు ఆరు నెలలు కూడా ఆగదు. వెళ్లదలిస్తే రోజుకు ఎంతమంది అన్నది కాగితం మీద రాయించుకున్నాకే చేరండి. మీరు ఇదివరకు చేసినటువంటి ఫిజియోథెరపీ క్లినిక్‌లో పొద్దుట పూట ఉద్యోగం, సాయంత్రం ఇంట్లో ఇద్దరు అనే పద్ధతి కూడా ఉంది. డబ్బు కొంచెం తక్కువ, కానీ అనుమానం వచ్చిన పాదాన్ని చూపించడానికి పక్కనే తెలిసినవాళ్లు ఉంటారు.

ఆ 45,000 మీ చేతిలో నిజంగా ఉంటే సర్టిఫికెట్‌కి కట్టకండి. వెనక్కి వాలే కుర్చీ ఒకటి, ఎత్తు మార్చుకునే చక్రాల స్టూలు ఒకటి, డజను తువ్వాళ్లు కొనండి, మిగిలింది వేలికి విశ్రాంతినిచ్చే వారాల ఖర్చుకి ఉంచుకోండి. చేతిలో లేకపోతే అప్పు చేసి ఏదీ కొనవద్దు. ఉన్న మంచాన్ని ఇటుకల మీద ఎత్తు చేసి, వీపు వెనక దిళ్లు పేర్చి పడుకోబెట్టినా పాదం కావాల్సిన ఎత్తుకే వస్తుంది.